పెరటి పిట్టల్లో జబ్బు ఎలా పాకుతుందో గమనించడం ఎలా? గోదావరి డెల్టా ఊళ్ల కోసం ఒక పద్ధతి

పెరట్లో రెండు గోరింకలు చచ్చిపడి ఉంటే ఏదో రోగం వచ్చిందని ఊరంతా అనుకుంటాం. ఆ పెరట్లో రోజూ ఎన్ని గోరింకలు దిగుతాయి, ఏ నీళ్లు తాగుతాయి, ఏ కోళ్ల మధ్య తిరుగుతాయి అని అడిగితే మాత్రం చెప్పేవాళ్లు దొరకరు. జబ్బు పాకడం మీద పరిశోధన అంటే ఆ రెండో ప్రశ్నకు జవాబు కూడబెట్టడమే. చచ్చిన పిట్టలు ఎవరికైనా కనిపిస్తాయి. బతికున్నవాటి లెక్క, అవి ఎక్కడెక్కడ కలుసుకుంటున్నాయన్న లెక్క ఎవరో ఒకరు ఓపిగ్గా రాయాలి. దానికి డిగ్రీ అక్కర్లేదు. నోటుబుక్కు, వాచీ, మామూలు బైనాక్యులర్ ఉంటే చాలు.

ఇలాంటి పని వేరే దేశాల్లో ఇళ్ల తోటల దగ్గరే మొదలైంది. అమెరికాలో 1994 ప్రాంతంలో వాషింగ్టన్ చుట్టుపక్కల హౌస్‌ఫించ్ అనే పిచ్చుకంత పిట్టలకు కళ్లు వాచి పుసులు కట్టడం ముందు చూసింది ఇళ్లలో మేత పెట్టేవాళ్లే. కారణం మైకోప్లాస్మా గాలిసెప్టికమ్, అప్పటికే కోళ్లలో ఉన్న బాక్టీరియా. ఆ జబ్బు తూర్పు రాష్ట్రాలంతా ఎలా పాకిందో కార్నెల్ యూనివర్సిటీకి వలంటీర్లు పంపిన లెక్కలతో తెలిసింది. తర్వాత పరిశోధకులు పిట్టలకు చిన్న ఎలక్ట్రానిక్ ట్యాగులు కట్టి, మేత డబ్బా దగ్గర ఏది ఎంతసేపు గడుపుతోందో కొలిచారు. ఎక్కువసేపు గడిపేవాటికే జబ్బు ఎక్కువగా అంటుతోందని, ఇతరులకు అంటించేవీ అవేనని తేలింది.

బ్రిటన్‌లో 2005లో గ్రీన్‌ఫించ్ అనే పిట్టల గొంతులో పుండ్లు పడటం మొదలైంది. ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి పని అది. పావురాల్లో చాలాకాలంగా ఉన్నదే. జబ్బు బాగా ఉన్న జిల్లాల్లో 2007 నాటికి గ్రీన్‌ఫించ్‌లు 35 శాతం తగ్గాయి. ఆ శాతం చెప్పగలిగారంటే, జబ్బు రాకముందు నుంచీ అక్కడి జనం ఏటా పిట్టల్ని లెక్కబెడుతూ ఉండబట్టే. మన దగ్గర లేనిది ఆ ముందరి లెక్కే. అందుకే ఊళ్లో ఏ రోగమూ లేని రోజునే ఈ పని మొదలుపెట్టండి.

ముందుగా హద్దులు

ఇది కళ్లతో చేసే పని, చేతులతో కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవి పిట్టల్ని పట్టుకోవాలన్నా, వల వేయాలన్నా, గొంతులోంచి నమూనా తీయాలన్నా అటవీశాఖ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. పిట్ట కాలికి రింగు వేసే పని మన దేశంలో ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1927 నుంచీ చేస్తోంది. రింగు ఉన్న పిట్ట కనిపిస్తే నంబరు రాసుకుని వాళ్లకు తెలియజేయండి. కాలేజీ ప్రాజెక్టుగా నమూనాలు తీయాల్సిన అవసరం పడితే గన్నవరం పశువైద్య కళాశాల లాంటి చోట ఉన్న అధ్యాపకులతో కలిసి, అనుమతులు చేతికొచ్చాకే దిగండి. సరదాకి ఒక వల కొనుక్కొచ్చి పికిలిపిట్టను పట్టడం నేరం, దాని ప్రాణానికీ ముప్పు.

పెరళ్లు ఎంచుకోవడం

ఒకే ఊళ్లో ఆరేడు పెరళ్లు తీసుకోండి. అన్నీ ఒకేలా ఉండకూడదు. నాటుకోళ్లు ఉన్నవి రెండు, అసలు కోళ్లే లేనివి రెండు, రొయ్యల చెరువు పక్కన ఒకటి, చికెన్ షాపుకి దగ్గర్లో ఒకటి, కొబ్బరితోట మధ్యలో బోదెలతో ఉన్నది ఒకటి. కడియం వైపు అయితే ఒక నర్సరీని కూడా చేర్చుకోవచ్చు. రోజూ తడిసే నేల, నీళ్ల తొట్లు ఉంటాయి కాబట్టి పిట్టలు అక్కడ బాగా దిగుతాయి.

పిట్టలు చచ్చాయని కబురు వచ్చిన ఇళ్లనే ఎంచుకోవద్దు. అలా చేస్తే మీ నోటుబుక్కులో ఊరంతా రోగంతో ఉన్నట్టు కనిపిస్తుంది. ఏమీ జరగని పెరడు కూడా మీకు అంతే ముఖ్యం. పోల్చి చూడటానికి అదే ఆధారం.

ఇంటివాళ్ల ఒప్పుకోలు తీసుకోండి. ప్రతి ఇంటికీ ఒక గుర్తు పెట్టుకోండి: పె1, పె2 అలా. రాతల్లో ఎక్కడా ఇంటిపేరు రాయొద్దు. తణుకు చుట్టుపక్కల గుడ్ల ఫారాల మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో మీకు తెలుసు. ఒక వాట్సాప్ మెసేజీతో గుడ్డు ధర పడిపోయే చోట, ఫలానా వాళ్ల పెరట్లో రోగం ఉందని పేరు బయటికి పొక్కితే మళ్లీ ఏ ఇంటివాళ్లూ మిమ్మల్ని గుమ్మం తొక్కనివ్వరు.

కలుసుకునే చోట్ల పటం

విదేశాల్లో వేలాడే మేత డబ్బా ఎలాంటిదో మన ఊళ్లో అలాంటి చోట్లు కొన్ని ఉన్నాయి. కోళ్లకు నూకలు చల్లే చోట పిచ్చుకలు, గువ్వలు, గోరింకలు కూడా చేరతాయి. చూరుకి కట్టిన వరికంకుల కుచ్చు పిచ్చుకలది. వేసవిలో పెట్టే నీళ్ల మూకుడు అందరిదీ. అంట్లు తోమే చోట పడే మెతుకులకు కాకులు, గోరింకలు వస్తాయి. పిండం పెట్టే చోటు కాకులది. ఇవి కాక పశువుల పాక, పెంటకుప్ప, చెరువు గట్టు.

పెరటి బొమ్మ ఒక పేజీలో గీసి ఈ చోట్లన్నీ గుర్తు పెట్టండి. ఒక్కో చోట నేల తడా పొడా అన్నది రాయండి. ట్రైకోమోనాస్ తడిలో బతుకుతుంది, ఎండితే త్వరగా చస్తుంది. సాల్మొనెల్లా అనే బాక్టీరియా రెట్టలతో మేతలోకి చేరుతుంది. పిట్టల మశూచిని ప్రధానంగా దోమలు మోస్తాయి, నిలవ నీళ్లుంటే దోమలుంటాయి. కాబట్టి తడి, రెట్ట, నిలవ నీళ్లు అనే మూడు గుర్తులు బొమ్మలో ఉంటే, తర్వాత లెక్కలు చూసేటప్పుడు ఏ దారిన పాకిందో ఊహించడానికి వీలుంటుంది.

లెక్కబెట్టడం

వారానికి రెండుసార్లు, పొద్దు పొడిచిన అరగంట తర్వాత ఒక్కో పెరట్లో 20 నిమిషాలు కదలకుండా కూర్చోండి. ప్రతిసారీ ఒకే చోటు, ఒకే వేళ. వారానికి ఒక్కసారి చాలదా అని అడుగుతారు. కోళ్లకు, పావురాలకు వచ్చే కొక్కెర తెగులు సోకాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 5, 6 రోజులు పడుతుంది, అటూ ఇటూగా 2 నుంచి 15. వారానికోసారి వెళితే ఏది ముందు, ఏది వెనక అన్న వరసే చేజారిపోతుంది.

ఒక జాతి పిట్టలు ఒకేసారి అత్యధికంగా ఎన్ని కనిపించాయో అదే రాయండి. వచ్చిపోయేవాటిని కూడుకుంటూ పోతే ఒకే గోరింకను నాలుగుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. పక్కనే ఇంకో గడి గీయండి: వాటిలో కళ్లు, ముక్కు, కాళ్లు స్పష్టంగా కనిపించినవి ఎన్ని? దీన్ని చాలామంది వదిలేస్తారు. నా ఉద్దేశంలో మొత్తం నోటుబుక్కులో విలువైన గడి ఇదే. జబ్బు గోరింకలు మూడు కనిపించాయి అనుకోండి. బాగా చూసినవి 30 అయితే పదింట ఒకటి, ఆరే అయితే సగం. బాగా చూసినవి ఎన్నన్న ఆ అంకె లేకపోతే జబ్బువి మూడు అన్నదానికి అర్థం లేదు.

ఏ జబ్బు పిట్టా కనిపించని రోజు సున్నా అని రాయండి. గడి ఖాళీగా వదలొద్దు. ఖాళీ గడి చూస్తే ఆ రోజు వెళ్లలేదా, వెళ్లినా ఏమీ కనపడలేదా అన్నది ఆర్నెల్ల తర్వాత మీకే తెలియదు.

చివరి పది నిమిషాలు ఒక్క నీళ్ల మూకుడునో, నూకలు చల్లే చోటునో పట్టుకుని చూడండి. ఎవరు దిగారు, ఎవరి తర్వాత ఎవరు, ఎంతసేపున్నారు? కోడి తాగి వెళ్లిన నిమిషానికే బెళవ గువ్వ దిగిందా? ఈ వరసలే పాకే దారులు. కాలి వేలు పోయిన గోరింక, తోక ఊడిన కాకి లాంటి గుర్తున్న పిట్టలుంటే ఇంకా మంచిది. ట్యాగు లేకుండానే అది ఎన్ని పెరళ్లు తిరుగుతోందో తెలుస్తుంది.

ఇంటికొచ్చాక ఆ జాబితానే ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైట్‌లో కూడా ఎక్కించండి. జబ్బు సంగతి వ్యాఖ్యల గడిలో రాయండి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పిట్టల లెక్కింపులో మీ ఊరి బడిపిల్లల్ని కూర్చోబెడితే చేతులు కూడా కలుస్తాయి.

ఏం చూడాలి

జబ్బు పిట్ట ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చుంటుంది. మీరు దగ్గరికెళ్లినా ఎగరదు, కళ్లు మూతలు పడుతుంటాయి. ఇది అన్ని జబ్బుల్లోనూ ఉంటుంది కాబట్టి దీంతో ఏ రోగమో చెప్పలేం. ప్రత్యేకమైనవి ఇవి:

- ముక్కు చుట్టూ తడి, మింగలేక మేత బయటికి రావడం, గొంతు వాపు: పావురాలు, గువ్వల్లో అయితే ట్రైకోమోనాస్ అనుమానం. తల్లి తన గొంతులోంచి పిల్లకు పట్టే పాల లాంటి మేతతో కూడా ఇది అంటుతుంది.
- కంటి చుట్టూ, ముక్కు మొదట్లో, కాళ్ల మీద పులిపిర్ల లాంటి కాయలు: మశూచి అనుమానం. కోళ్ల మశూచి వైరస్, అడవి పిట్టల్లో తిరిగే రకాలు చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి. మీ కోడికి వచ్చింది కాబట్టి పిచ్చుకకూ అదే వచ్చిందని రాసేయొద్దు.
- మెడ మెలి తిరగడం, వెనక్కి పడిపోవడం: పావురాల్లో కొక్కెర తెగులు జాతి వైరస్ ఇలా చేస్తుంది.
- కాకులు, కోళ్లు, బాతులు, కొంగలు వరసగా పడిపోవడం: దీని సంగతి కింద విడిగా చెప్తాను.

రోగం పేరు నోటుబుక్కులో రాయకండి. మీరు చూసింది మాత్రమే రాయండి: ‘బెళవ గువ్వ, ముక్కు తడి, ఎగరలేదు, మూకుడు పక్కన’. పేరు పెట్టడం ల్యాబ్ పని.

జబ్బు కానివి

ఎగరలేక కూర్చున్న ప్రతి పిట్టా రోగిష్టిది కాదు. గూటిలోంచి కొత్తగా దిగిన పిల్ల ఈకలు ఉబ్బించుకుని కదలకుండానే కూర్చుంటుంది. నోటి అంచుల్లో పసుపు చూసి పోల్చుకోండి. ఈకలు రాలే రోజుల్లో గోరింక తల బోడిగా కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం కాకి నోరు తెరిచి రెక్కలు వేలాడేసిందంటే అది ఎండ. ట్రాన్స్‌ఫార్మర్ కింద చచ్చిన కాకికి కరెంటు కొట్టి ఉంటుంది. సంక్రాంతి తర్వాత రెక్క తెగి దొరికిన పిట్టకు గాలిపటం మాంజా తగిలి ఉండొచ్చు.

విషం విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా చూడండి. నారుమళ్లలో కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లిన చోట పిట్టలు వాటిని గింజలనుకుని తింటాయి. అప్పుడు గువ్వలు, పిచ్చుకలు, కొంగలు ఒకే రోజు, ఒకే మడి చుట్టూ, కడుపు నిండా మేత ఉండగానే పడిపోతాయి. జబ్బు అలా ఒక్కరోజులో అన్ని జాతుల్నీ పట్టదు. ఒకటి, మూడు రోజులకు రెండు, వారానికి నాలుగు, అలా పెరుగుతూ పోతుంది. తేదీలు సరిగ్గా ఉంటే ఈ తేడా నోటుబుక్కు చూడగానే తెలుస్తుంది.

డెల్టా క్యాలెండర్‌తో కలిపి చూడాలి

మన దగ్గర పిట్టల కలయిక ఏడాదంతా ఒకేలా ఉండదు. దాన్ని నడిపేది నీరు, పంట, పండగ. నోటుబుక్కులో ప్రతి పేజీ పైన ఆ వారం ఊళ్లో ఏం జరుగుతోందో ఒక వాక్యం రాయండి.

సార్వా కోతలయ్యాక కోసిన చేలల్లోకి బాతుల కాపరులు మందల్ని తోలుకొస్తారు. అదే కాలంలో కొల్లేటికి, కోరంగి మడ అడవుల వైపుకి ఉత్తరాది వలస బాతులు దిగి ఉంటాయి. ఒకే చేలో నీళ్లుంటే పెంపుడు బాతు, వలస బాతు, కొంగ, కాకి అన్నీ కలుస్తాయి. మంద ఏ రోజు వచ్చింది, ఎటు వెళ్లిందని కాపరిని మర్యాదగా అడిగి రాసుకోండి. దారులన్నీ వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

సంక్రాంతికి పందెం కోళ్లు ఊళ్లు దాటుతాయి. బరి దగ్గర పది ఊళ్ల కోళ్లు కలిసి, మళ్లీ పది పెరళ్లకు చేరతాయి. కాబట్టి జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా వెళ్లాల్సిన రోజు ఒక్కటి కూడా మానకండి. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం కోళ్లలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ ఉందని భోపాల్‌లోని జాతీయ ల్యాబ్ నిర్ధారించింది. అది పందేల వల్లే వచ్చిందనీ, వలస పిట్టల వల్లే వచ్చిందనీ నెలను బట్టి తేల్చేయొద్దు. రెండూ ఒకే కాలంలో జరుగుతాయి కాబట్టి ఏది కారణమో నెల చెప్పదు. ఏ పెరట్లో, ఏ జాతిలో, ఏ తేదీన మొదలైందన్న వివరమే చెప్పగలదు. అందుకే మీ నోటుబుక్కు కావాలి.

ఏప్రిల్, మే నెలల్లో కాలవలు కట్టేస్తారు. బోదెలు ఎండిపోతాయి. అప్పటిదాకా ఊరంతా చెదిరి తాగిన పిట్టలు నాలుగు మూకుళ్ల దగ్గరికి చేరతాయి. మనం దయతో పెట్టిన నీళ్ల దగ్గరే జబ్బు చేతులు మారే అవకాశం ఎక్కువగా ఉండే కాలం ఇది. కాలవలు కట్టకముందు రెండు వారాలు, కట్టాక రెండు వారాలు మూకుడు దగ్గరి వరసల్ని పోల్చి చూడండి. ఒక పిట్ట దిగడానికీ ఇంకోటి దిగడానికీ మధ్య సమయం ఎంత తగ్గిందో చూస్తే, పైసా ఖర్చు లేకుండా మంచి పరిశోధన అవుతుంది. ఈ డెల్టాలో ఎవరైనా ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయమంటాను.

జూన్‌లో నీళ్లు వదిలాక నారుమళ్లు, వాటితో గుళికలు. వానలు ముదిరాక దోమలు, కాయలున్న పిట్టల కోసం అప్పుడు కాళ్లు, కళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి. మహాలయ పక్షంలో పిండాల దగ్గరికి కాకులు గుంపులుగా వస్తాయి. దూరంగా నిలబడితే చాలు, కాకుల్ని లెక్కబెట్టడానికి అంత మంచి రోజులు దొరకవు.

ఇంటివాళ్లను అడగడం

మీరు వెళ్లని రోజుల్లో చూసేది వాళ్లే. ప్రతి ఇంట్లోనూ ఒకే మాటల్లో అడగండి. ‘రోగం వచ్చి ఏమైనా చచ్చాయా?’ అనొద్దు. ‘పిన్నిగారూ, ఈ వారం పెరట్లో చచ్చిన పిట్ట గానీ, ఎగరలేని పిట్ట గానీ కనపడిందాండీ? ఎక్కడ? ఏ రోజు?’ అని అడగండి. ‘ఆయ్, మొన్న నుయ్యి కాడ ఓ గువ్వ పడుందండి’ అంటారు. మొన్న అంటే ఏ వారమో అక్కడే తేల్చుకోండి. కోళ్లకు లసోటా చుక్కలు (కొక్కెర తెగులు టీకా) ఎప్పుడు వేయించారో కూడా అడగండి. టీకా వేసిన పెరడు, వేయని పెరడు మధ్య తేడా ఉందేమో చూడాలి.

చచ్చిన పిట్టను కుక్క, పిల్లి, ముంగిస ఎత్తుకుపోవడానికి ఎక్కువసేపు పట్టదు. కనిపించిన శవాలు అసలు చచ్చినవాటిలో కొన్నే. శవాల సంఖ్యతో ఊరి పరిస్థితి తేల్చొద్దు.

జబ్బు పిట్ట, చచ్చిన పిట్ట కనిపిస్తే

ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. పిల్లల్ని దూరంగా ఉంచండి. పక్కన అగ్గిపెట్టె పెట్టి, కొలత తెలిసేలా ఫొటో తీయండి. పైన గంప బోర్లించి ఇటుక పెట్టండి, కాకులూ కుక్కలూ దాన్ని లాగవు. చచ్చింది ఒక్క పిట్టే అయితే ముక్కుకి మాస్కు, చేతికి గ్లవ్స్ లేదా మందమైన ప్లాస్టిక్ సంచి వేసుకుని, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. పంట కాలవలో పారేయొద్దు, దిగువన ఉన్న ఊళ్లన్నీ ఆ నీళ్లే వాడతాయి. తర్వాత సబ్బుతో చేతులు, చెప్పులు కడిగాకే రెండో పెరట్లో అడుగుపెట్టండి. ఊరంతా తిరిగే మీ చెప్పులు కూడా జబ్బుని మోస్తాయి.

రెండు మూడు రోజుల్లో ఒకే పరిసరాల్లో కాకులో, కోళ్లో, బాతులో, కొంగలో వరసగా పడిపోతే లెక్కబెట్టడం ఆపి వెంటనే మండల పశువైద్యాధికారికి గానీ, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులకు గానీ చెప్పండి. పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసినా సరే. అలా పడిపోయినవాటిని సంచిలో వేసి బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లొద్దు, పూడ్చొద్దు కూడా. గంప కిందే ఉంచి వాళ్లు వచ్చేదాకా కాపలా ఉండండి. నమూనా వాళ్లే తీసి, చల్లగా ఉంచే పెట్టెలో పంపుతారు. 2020-21 చలికాలంలో రాజస్థాన్‌లో బర్డ్ ఫ్లూ బయటపడింది చచ్చిన కాకుల వల్లే. చచ్చినవాటిని కాకి తింటుంది కాబట్టి దాని చావుని ఎప్పుడూ చిన్నగా తీసుకోకండి. మీకు జ్వరం, దగ్గు, కంటి ఎరుపు వస్తే డాక్టరుకు పిట్టల సంగతి ముందే చెప్పండి.

చిన్న పిట్టలో, గువ్వలో ఒకటి రెండు జబ్బుగా కనిపిస్తే ఆ పెరట్లో నీళ్లూ మేతా కనీసం రెండు వారాలు తీసేయమనండి. పిట్టలు చెదిరిపోతాయి, కలయిక తగ్గుతుంది. ‘ఎండల్లో నీళ్లు తీసేయడం పాపం కదండీ’ అని బాధపడతారు. ఆ బాధ నిజమైనదే. జబ్బు లేని పెరట్లో మూకుళ్లు ఎక్కువ పెట్టి, దూరదూరంగా ఉంచమనండి. మూకుడు శుభ్రం చేసే తీరు ఇది: ముందు నాచు, రెట్ట గీకి కడగాలి. ఒక వంతు ద్రవ బ్లీచ్‌కి తొమ్మిది వంతులు నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచాలి. బాగా కడిగి పూర్తిగా ఎండేదాకా ఎండలో బోర్లించాలి. వంటింటి గట్టు మీద కాకుండా పెరటి మూలన చేయండి. పరీక్ష కోసమని ఏ మూకుడునీ మురికిగా వదిలేయొద్దు. శుభ్రం చేయకముందు, చేశాక అని పోల్చుకుంటే సరిపోతుంది.

లెక్కలు చదవడం

మూడు నెలలకోసారి ఒక పెద్ద కాగితం తీసుకుని అడ్డంగా వారాలు, నిలువుగా పెరళ్లు గీయండి. ప్రతి గడిలో రెండు అంకెలు: బాగా చూసినవి, వాటిలో జబ్బువి. జాతికో రంగు.

ముందు కోళ్లున్న పెరళ్లు, లేనివి విడదీసి చూడండి. తర్వాత మొదటి జబ్బు పిట్ట ఎక్కడ కనిపించిందో, అక్కణ్నుంచి పక్క పెరటికి ఎన్ని రోజుల్లో చేరిందో చూడండి. పావురాలు, గువ్వల్లోనే ఆగిపోయిందా, పిచ్చుకల్లోకి దాటిందా? దాటి ఉంటే ఆ రెండూ కలిసిన చోటు మీ పటంలో ఏది? ఇంటివాళ్ల కబుర్లు ఎక్కువైన వారాల్లో జబ్బు పెరిగిందా, లేక చూసే కళ్లు పెరిగాయా అన్నది మీ 20 నిమిషాల లెక్కతో సరిచూసుకోండి.

ఏడాది నిండాక నోటుబుక్కు ఫొటోలు తీసి, ఇళ్ల గుర్తులతోనే ఒక ప్రతి మండల పశువైద్యాధికారికి, ఒకటి దగ్గర్లోని కాలేజీ జంతుశాస్త్ర విభాగానికి ఇవ్వండి. చూడనిచ్చిన ప్రతి ఇంటికీ వాళ్ల పెరట్లో దిగే పిట్టల జాబితా తెలుగులో రాసి ఇవ్వండి. రెండో ఏడాదికి అవే పెరళ్లు, అదే వేళ, అవే 20 నిమిషాలు.